దొడ్డివాకిట్లో ఎడమ మోకాలు

రాయదుర్గం అవతల, కర్ణాటక బస్సులు దుమ్ము లేపిపోయే పల్లెలో ఓబుళేసు తాత ఎడమ మోకాలు తెలియనోళ్లు లేరు. దాని మీద ఒక్క వెంట్రుక ఉండదు. ఏండ్ల తరబడి గొర్రెలు రుద్దీ రుద్దీ గుండ్రాయి మాదిరి నున్నగైంది. పొద్దుగూకి మంద ఇంటికొస్తే తాత దొడ్డి తడక కాస్త తెరిచి, ఆ సందులో నిలబడి, ఎడమ మోకాలు అడ్డం పెడతాడు. మోకాలు తీస్తే ఒక గొర్రె లోపలికి. మళ్లీ అడ్డం. పోయేదాని వీపు మీద చెయ్యి వేసి తడుముతాడు. కుంటేదేది, కడుపుతో ఉండేదేది, ముల్లు గుచ్చుకున్నదేది, అంతా ఆ చేతికే తెలుస్తుంది. నోటితో లెక్కపెట్టడు, పెడితే దిష్టి తగులుతుందంట.

"నన్ను ఆ మోకాలికిచ్చి పెండ్లి చేసినారు, మనిషికి కాదు" అంటుంది తిరుపాలమ్మ అవ్వ.

దసరా పోయిన కొత్తలో ఒక పొద్దున తాత ఎడమచేత్తో చెంబు ఎత్తబోతే చెంబు జారింది. దాని వెనకాలే తాతా జారినాడు. మూతి ఒక పక్కకు పోయింది. పక్షవాతమని అనంతపురం ఆసుపత్రిలో పండబెట్టినారు. కొన్నాళ్లకు మూతి సరైంది. మాట కూడా తిరిగొచ్చింది, తిట్లు ముందూ మిగతావి వెనకా. చెయ్యి కొంచెం కొంచెంగా కదిలింది. ఎడమ కాలు మాత్రం ఎవరిదో కాలు తెచ్చి అతికించినట్లు ఊరికే ఉండిపోయింది.

ఇంటికొచ్చినాక ఒకనాడు మంచం మీద పడుకున్న తాత అరికాలును గొర్రెపిల్ల ఒకటి నాకింది. కాలు చటుక్కున ముడుచుకుంది.

"కాలొచ్చింది! మీ తాత కాలొచ్చిందిరో!" అని అవ్వ వీధి దాకా పోయి అరిచింది.

ఊరు ఊరంతా వచ్చింది. వచ్చినోళ్ల కోసం పిల్ల చేత ఇంకోసారి నాకించినారు. కాలు ముడుచుకుంది. నమ్మనోళ్ల కోసం మళ్లీ నాకించినారు. అవ్వ ఎల్లమ్మకు మొక్కి టెంకాయ కొట్టింది. ఇంతమంది చూస్తాంటే తాత ఊరుకుంటాడా? కట్టె పట్టుకుని లేచి, దొడ్డి వైపు ఒక్క అడుగేసి, పెంటికల కుప్పలో బోర్లా పడినాడు. టెంకాయ చిప్పలు చేతిలో పెట్టుకుని అందరూ ఇండ్లకు పోయినారు.

కొడుకు తిప్పేష్‌ది రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే పని. ఆరోజు తండ్రిని కడిగి పండబెట్టి, పక్కన కూర్చున్నాడు.

"నాయనా, పగలు మేపేదానికి పక్కింటి శ్రీరంగప్ప మందలో మనవి కలిపి పంపొచ్చు. మాపటేల దొడ్డికాడ ఎవరు నిలబడతారు? నేను పని ఇడిసి దినామూ రాలేను. శివరాత్రి దాకా ఎట్లో వచ్చిపోతా, సూస్తా. నువ్వు నిలబడితే సరే. ల్యాకుంటే సంతకు తోలేస్తా."

తాత గోడకు తిరిగి పడుకున్నాడు. తిట్టలేదు. అవ్వకు భయమేసింది అప్పుడే.

ఆ వారంలోనే కాళ్లకూ చేతులకూ కసరత్తు చేయించే ఫిజియో మేడం ఆసుపత్రి తరఫున స్కూటర్ మీద వచ్చింది. పేరు కృపాకుమారి. చిన్న పిల్ల మాదిరి ఉంటుంది గానీ గొంతు మాత్రం కండక్టర్ గొంతు. అవ్వ గొర్రెపిల్ల సంగతి చెబితే ఆమె తాత అరికాలు మీద తాళంచెవితో గీసి చూసింది. కాలు మళ్లీ ముడుచుకుంది.

"తాతా, ఇది నీ కాలు రావడం కాదు. అరికాలికి ఏదన్నా తగిలితే వెన్నుపాము తనంతట తానే కాలు లాగేస్తాది. తలకాయ చెప్పేదాకా ఆగదు."

"అంటే?"

"మీ దొడ్డికాడ కుక్క మొరుగుతాది గదా. నువ్వు మొరగమంటేనే మొరుగుతాదా?"

"ల్యా."

"అది మొరిగినంత మాత్రాన నువ్వు మేలుకున్నట్లు కాదు గదా?"

తాత అవ్వ వైపు తిరిగినాడు. "వింటివా? కుక్క మొరిగితే టెంకాయ కొట్టినావు."

"కుక్కను నమ్మి నడిసినోడు నువ్వు" అంది అవ్వ.

మేడం తాతను నిలబెట్టి చూసింది. బరువంతా కుడికాలి మీద, కట్టె మీద. నడుము గాలికి వాలిన జొన్నదంటు. ఆమె కట్టె లాక్కుని అవ్వ చేతికిచ్చింది. కట్టె లేని గొర్రెలకాపరి ఎట్ల ఉంటాడో తాత ముఖంలో అప్పుడు చూడల్ల.

ఎడమ పాదం నేలకు పూర్తిగా ఆనించి కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం, మళ్లీ లేవడం. అది కుదిరినాక గోడ పక్కన నిలబెట్టి, చెప్పకుండా భుజం మీద మెల్లగా తోసింది.

"ఏమమ్మా, ముసలోన్ని తోస్తావే!"

"తోస్తేనే తాతా ఒళ్లు నేర్చుకునేది. తల, నడుము, పాదం మూడూ కలిస్తేనే మనిషి పడకుండా ఆగేది. తూలినప్పుడు కాలు దానంతట అదే పక్కకు పడల్ల. నువ్వు ఆలోచించి వేసే లోపల నేల మీద ఉంటావు."

"తోసేదానికి నీకు జీతమిస్తారా? మా గొర్లు ఊరికే తోస్తాయి గదమ్మా!"

మేడం నవ్వింది. నవ్వి, దొడ్డి వైపు చూసి, తడక సందులో తాత నిలబడే తీరు అడిగింది. విన్నాక ఇంక నవ్వలేదు. "సరే, దానికే తయారు చేస్తా. ఇప్పుడే కాదు. నేను చెప్పేదాకా ఆ పక్కకు పోగూడదు" అంది.

చలికాలమంతా తోపులే. మేడం లేనప్పుడు తోసే పని అవ్వది. ఆ పని అవ్వకు చాలా నచ్చింది. ఏ పక్క నుంచి తోస్తుందో చెప్పదు. చెబితే లాభం లేదని మేడం చెప్పిందంట. మేడం చెప్పని తోపులు కూడా కొన్ని పడినాయి. తాత తూలి గోడకు ఆనుకునేవాడు. తర్వాత్తర్వాత గోడ దాకా పోవడం తగ్గింది. అప్పుడు పండ్లూడిన ముసలి గొర్రెను ఒకదాన్ని తడక సందులోంచి పంపించినారు. అది తాతను వాసన చూసి, మర్యాదగా పక్కనుంచి పోయింది.

శివరాత్రి ముందురోజు మంద మొత్తం. మేడం చెప్పినట్లు తిప్పేష్ తాత నడుముకు పంచె గట్టిగా కట్టి, వెనక నిలబడి కొస పట్టుకున్నాడు. సంతకు తెచ్చిన ఎద్దు మాదిరి ఉన్నాడు తాత.

"నేను పంచె లాగాల్సొస్తే మంద సంతకే, మాటంటే మాటే, నాయనా."

"సరేలేప్పా. గట్టిగా పట్టుకో, నువ్వు పడతావు."

మంద వచ్చింది. తాత ఎడమ మోకాలు అడ్డం పెట్టినాడు. మోకాలు వణికింది గానీ నిలిచింది. ఒకటి పోయింది. ఇంకొకటి. చెయ్యి తడుముతాంది. "దీనికి గిట్ట కాడ ముల్లుండాది, మీ అమ్మకు చెప్పు" అన్నాడు తాత, వెనక్కి తిరగకుండా.

అప్పుడు పొటేలు వచ్చింది. తాత లేని ఇన్నాళ్లూ అడిగేవాడు లేక బలిసింది. అది మోకాలి కింద తలదూర్చి ఎత్తి కొట్టింది. తాత ఎడమపక్కకు ఒరిగినాడు. అవ్వ కేక పెట్టింది. తిప్పేష్ చెయ్యి బిగిసేలోపల తాత ఎడమ కాలు పక్కకు పడి, పెంటికల్లో ధప్‌మని దిగి, నిలబడింది. పంచె వదులుగానే వేలాడతాంది.

తాత తన కాలి వైపు చూసినాడు. దాన్ని పొమ్మని తాను చెప్పలేదు.

పొటేలు మాత్రం లోపలికి పోకుండా వెనక్కి తిరిగి బస్సుల దారి పట్టింది. "అయ్యో, అది రోడ్డెక్కితే!" అని అవ్వ అరిచింది. తిప్పేష్ చేతిలోది పారేసి దాని వెంబడి ఉరికినాడు. పంచె కొస దుమ్ములో పడింది. ఎవరూ పట్టుకోని మనిషి తడక సందులో ఒక్కడే నిలబడి ఉన్నాడని ఉరికేవాడికి గుర్తే లేదు.

బయట ఇంకా కొన్ని మిగిలినాయి. అవి తాతను చూసినాయి. తాత వాటిని చూసినాడు.

"రండే, నిలబడిపోయినారేం" అని మోకాలు అడ్డం పెట్టినాడు.