కోట ల్యాబ్‌లో నా రెండో డబ్బా

ఆ రోజుల్లో పుస్తకంలో చదివింది మన ఒంట్లో కూడా జరుగుతుందని నాకు నమ్మకం ఉండేది కాదు. బీఎస్సీలో హార్మోన్ల పాఠం బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నానే గానీ, అవి నాలోనూ ఉన్నాయని ఎప్పుడూ తోచలేదు. రొయ్య పిల్లల్ని పొదిగించే హేచరీలో మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు తెలిసొచ్చింది. సాయంత్రం నాలుగులోగా మెడికల్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. పొద్దున్నే పిన్ని నన్ను స్కూటీ మీద కోట ఊళ్లోని ల్యాబ్‌కు తీసుకెళ్లింది. పరీక్షలో కిడ్నీలు శుభ్రంగా కనపడాలంటే బాగా నీళ్లు తాగాలని ఆమె సిద్ధాంతం (చుట్టాలొచ్చే ముందు వాకిలి కడిగినట్టు అన్నమాట). దారిలో ఆపి ఆపి రెండు లీటర్ల నీళ్లు, ఆపైన రెండు కొబ్బరి బోండాలు తాగించింది.

ల్యాబ్ అక్క నేను మూత్రం పట్టి ఇచ్చిన డబ్బాను కిటికీ వెలుతురుకి పట్టి చూసి, తర్వాత నా మొహం చూసింది. "ఇవి కుళాయి నీళ్లు పాపా. పోయిన నెల్లో ఒకడు ఇట్నే పట్టుకొచ్చినాడు" అంది. పిన్ని ఒట్లు పెట్టడం మొదలెట్టింది. ఆ డబ్బా వంక చూస్తూ ఉండగా నాకు పాఠమంతా ఒక్కసారిగా అర్థమైపోయింది. ఒంట్లో నీళ్లు తగ్గితే మెదడు కింది చిన్న గ్రంథి ఒక హార్మోన్ వదిలి, నీళ్లు పోనివ్వొద్దని కిడ్నీలకు చెప్తుంది. నీళ్లు ఎక్కువైతే ఆ హార్మోన్ తగ్గిపోతుంది, కిడ్నీలు గేట్లెత్తేస్తాయి. ఎంత సంతోషమేసిందంటే, నన్ను అనుమానించిన మనిషికే కాగితం మీద కిడ్నీ బొమ్మ గీసి మరీ పాఠం చెప్పాను. వరసలో ఉన్నవాళ్లు కూడా తొంగి చూశారు.

అక్క అంతా ఓపిగ్గా విని, "సరే, ఆ హార్మోన్‌ని రానీ. రెండింటిదాకా ఈడ్నే నా కళ్ల ముందర కూర్చో. చుక్క నీళ్లు తాగబాక" అంది.

కూర్చున్నాను. ఎదురుగా చెరుకు రసం బండి. పిన్ని నా ముందే రెండు గ్లాసులు తాగింది (ఆమెకు టెస్టు లేదు కదా). నాలుక పిడచకట్టుకుపోతున్నా నాకు ఒకటే హుషారు, హార్మోన్ వస్తోందని అరగంటకోసారి పిన్నికి చెప్తూనే ఉన్నాను. రెండింటికి రెండో డబ్బా నిండింది, చక్కటి పసుపు రంగులో. దాన్ని రెండు చేతులా పట్టుకుని, వరసలో వాళ్లందరికీ చూపిస్తూ అక్క దగ్గరికి నడిచాను. పరీక్ష అయ్యాక ఆమె రిపోర్టు చేతికిచ్చి, "నీ హార్మోన్ దాని పని అది చేసింది. ఇంక పోయి నీ పని నువ్వు చేసుకో" అంది. పక్క గదిలో డాక్టరు గారు సంతకం చేశారు. మూడున్నరకల్లా సర్టిఫికెట్ హేచరీలో ఇచ్చేశాను.

ఆ తర్వాత ప్రమోషన్ కాగితాలు, జ్ఞాపికలు చాలానే చేతికొచ్చాయి. దేన్నీ అంత గర్వంగా నలుగురికీ చూపించలేదు. పాపం అప్పటి నేను, ఆ పిల్ల, చేతిలో ఉన్నదేమిటో ఒక్క క్షణమైనా ఆలోచించుకోలేదు. ఇప్పుడు అన్నీ ఆలోచిస్తాను. అందుకేనేమో, దేన్నీ అంత సంతోషంగా చూపించలేకపోతున్నాను.