విన్నీ టాంక్స్ మాత్రల హారం

బర్మింగ్‌హామ్ నగల పేటలో వెండిపని చేసే విన్నీ టాంక్స్ ముందు మాత్ర అన్న మాట ఎత్తకూడదు. ఎత్తారా, సుత్తి పట్టుకుని మీదకొచ్చేసేది. "ఏం మింగుతున్నావ్? ఎందుకు మింగుతున్నావ్? ఎన్నాళ్ళు మింగుతావ్?" వీటికి జవాబు చెప్పలేనివాడు ఆ వీధిలో ప్రశాంతంగా టీ తాగలేడు.

ఆమె కోపానికి నోరొక్కటే చాలేది కాదు. అందుకని నగలు చేసేది. ఖాళీ మాత్రల అట్టలు కత్తిరించి లోలాకులు, మాత్రల అచ్చుల్లో వెండి పోతపోసి గాజులు. ఒకసారి పెళ్ళి ఉంగరానికి వచ్చిన జంటకు, రాయి ఉండాల్సిన చోట నిద్రమాత్ర పొదిగిన ఉంగరం చూపించింది.

"ఇదేమిటండీ?" పెళ్ళికూతురు బెదిరిపోయింది.

"రేపు నీకు కావలసిందిదే తల్లీ. వేలు కొలత ఇచ్చి వెళ్ళు!"

జంట పరుగెత్తి పక్క కొట్లో దూరింది.

ఆ కొట్టు క్లైవ్ యార్డ్లీది. గడియారాలు బాగుచేస్తాడు. భార్య హిల్డా పోయినప్పుడు నిద్రకని మొదలుపెట్టిన మాత్రలు, క్రమంగా పగలు కూడా కావలసివచ్చాయి. విన్నీకి భయపడి వాటిని పెప్పర్‌మెంటు డబ్బాలో దాచుకునేవాడు.

ఒక మధ్యాహ్నం విన్నీ బొంగురు గొంతుతో వచ్చింది. "మందుల షాపువాడి మీద అరిచి అరిచి గొంతు పోయింది. ఒక బిళ్ళ తీసుకుంటున్నా," అంటూ తనే డబ్బా తెరిచింది. క్లైవ్ ఎగిరి దూకాడు కానీ, అప్పటికే ఆమె ఆ బిళ్ళను భూతద్దం కింద పెట్టేసింది.

"క్లైవ్," అంది మెల్లగా. ఆమె మెల్లగా మాట్లాడగలదని అతనికి అంతవరకూ తెలియదు.

"అది... పెప్పర్‌మెంటే."

"పెప్పర్‌మెంటుకి మధ్యలో గీతుంటుందా?"

"నా మాత్రలు, నా ఇష్టం!" క్లైవ్‌కు కూడా కోపం వచ్చింది. "పారేస్తావా? పారెయ్! ఇవాళ్టి నుంచే మానేస్తా!"

"మానెయ్యమని నేనెప్పుడన్నానయ్యా? ఒక్కసారిగా మానేస్తే ఏమవుతుందో తెలుసా? డాక్టర్ని అడగమన్నాను! నోరుంది కదా, అడుగు! పద!"

పని దుస్తులతోనే అతన్ని క్లినిక్‌కు లాక్కెళ్ళింది. అక్కడ ఆమె పెట్టిన గోలకు డాక్టర్ ప్రూయెట్ గదిలోంచి బయటికొచ్చి, ఇద్దర్నీ లోపలికి పిలిచింది. కంప్యూటర్ చూసి, "మాత్రలు సమయానికే అందుతున్నాయిగా. ఇబ్బందేమిటి?" అంది.

"అదే ఇబ్బంది! ఈయన మొహం చివరిసారి ఎప్పుడు చూశారు?"

డాక్టరు మళ్ళీ కంప్యూటర్ వైపు తిరిగింది.

"అక్కడ కాదమ్మా, ఇక్కడ!" క్లైవ్ గడ్డం పట్టుకుని అతని మొహాన్ని డాక్టరు వైపు తిప్పింది విన్నీ.

డాక్టరు మొహం ఎర్రబడింది. కుర్చీ దగ్గరికి లాక్కుంది. "అసలు నిద్రెందుకు పట్టడం లేదండీ?"

ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు. "హిల్డా గురక పెట్టేది," అన్నాడు క్లైవ్. "బతికున్నన్నాళ్ళూ విసుక్కున్నాను. ఇప్పుడు ఆ చప్పుడు లేక..." ఆపైన చాలాసేపు మాట్లాడాడు. మందు ఎలా కొద్దికొద్దిగా తగ్గించాలో చెప్పి, తరచు వచ్చి కనబడమంది డాక్టరు.

శరత్కాలంలో విన్నీ నగల ప్రదర్శన జరిగింది. నడిమధ్య వెండి మాత్రల హారం. సరదాపడి మెడలో వేసుకున్న ఒక పెద్దమనిషి ఆ బరువుకి తల ఎత్తలేకపోయాడు. "ఊరంతా మోస్తున్నదే, కాసేపు మీరూ మొయ్యండి!" అని విన్నీ మండిపడింది.

క్లైవ్ పక్కన నిలబడ్డ రొట్టెల కొట్టు నోరీన్ గుసగుసలాడింది. "నన్నూ క్లినిక్‌కి ఈడ్చుకెళ్ళింది తెలుసా?"

"నన్నూ," అన్నాడు వెనకనుంచి బస్సు డ్రైవరు.

క్లినిక్ గుమాస్తా నవ్వింది. "ఆవిడకు మా దగ్గర ఒక కుర్చీ ప్రత్యేకం. లోపలున్నవాళ్ళు బయటికొచ్చేదాకా కదలదు. ఏడుస్తూ వస్తే ఇంటిదాకా దింపుతుంది, దారంతా తిడుతూనే."

క్లైవ్ నేరుగా విన్నీ దగ్గరికి వెళ్ళాడు. "మమ్మల్నందర్నీ నిలదీశావే, నువ్వేమీ మింగవా?"

విన్నీ మొహం కందగడ్డ అయింది. "రక్తపోటుకి. మీ మూలంగానే వచ్చింది, మీ మొహాలు మండ!"

"మరి ఈమధ్య డాక్టరుకి చూపించుకున్నావా?"

"నాకు తీరికెక్కడిది?"

"రేపు నేనూ వస్తాను. పక్కన కూచుంటాను."

"ఎవడు రమ్మన్నాడు నిన్ను?" గది అదిరేలా అరిచింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "పొద్దున్నే కొట్టు దగ్గరుండు. ఆలస్యం చేశావో, చంపుతా!"