కరివేపాకు కుండీలో పాలు

పొద్దున మా నోయిడా బాల్కనీలో కరివేపాకు కుండీ విరిగిన పాల కంపు కొట్టింది.

నా ఏడేళ్లప్పుడు అమ్మ కూడా ఇక్కడే కరివేపాకు పెంచేది, పుల్లమజ్జిగ పోసి. నేను తాగలేని పాలు దొంగతనంగా అందులో పోసేదాన్ని. డిసెంబరుకల్లా ఆకులన్నీ పండి రాలిపోయాయి. చెట్టుని నేనే చంపేశానని హడలిపోయాను. అన్నం సయించేది కాదు. స్కూల్నించి రాగానే కొమ్మని గోటితో గీరి, లోపల పచ్చగా ఉందో లేదో చూసుకునేదాన్ని.

హోలీ వెళ్లాక చిగుళ్లొచ్చాయి. ఏడుస్తూ అంతా చెప్పేశాను.

"పిచ్చిమొహమా! మనూళ్లో ఏడాదంతా పచ్చగా ఉంటుంది గానీ, ఇక్కడి చలికి ఏటా మోడవుతుందే," అంది అమ్మ. "పాల సంగతి నాకెప్పుడో తెలుసు."

ఇప్పుడు నా కుండీలోనూ ఆకులు రాలుతున్నాయి. రెండ్రోజులుగా మా పాప అన్నం సరిగ్గా తినట్లేదు. నేను హోలీ దాకా ఆగను. తను స్కూల్ బస్సు దిగగానే చెప్పేస్తాను.