లింగమ్మ ఒక్కపొద్దు

ఆకలికి ఓర్చుకోవడం కూడా ఒక విద్యే అనుకుంటే, ఆదోనిలో ఆ విద్యలో లింగమ్మను మించినవాళ్ళు లేరు. పత్తి మిల్లులో ఆమెతో పనిచేసే ఆడవాళ్ళు మధ్యాహ్నం సద్దిమూటలు విప్పుకుంటే, ఈమె ఒక గ్లాసు టీ తాగి, గోడకు ఆనుకుని, జుట్టులో చిక్కిన పత్తి పీచు ఏరుకుంటూ కూర్చుంటుంది. "కడుపుకు తాళమేసినావా ఏందే లింగీ?" అని వాళ్ళు నవ్వితే ఈమె కూడా నవ్వుతుంది. ఆ నవ్వులో కొంచెం గర్వం ఉంటుంది. దాచడమెందుకు? ఇరవై నాలుగేళ్ళ బతుకులో నలుగురూ ఆమెను మెచ్చుకున్నది ఆ ఒక్కదానికే.

ఎమ్మిగనూరు దగ్గరి పల్లెలో నలుగురు ఆడపిల్లల వెనక పుట్టింది. నాయన తిని లేచాక గిన్నెలో మిగిలింది తల్లీ పిల్లలూ పంచుకోవాలి. చిన్నదాని వంతు వచ్చేసరికి గిన్నె గీకిన చప్పుడే ఎక్కువగా ఉండేది. ఒకనాడు అక్కలు అన్నం చాల్లేదని రాగాలు తీస్తుంటే, మూల కూర్చున్న ఐదేళ్ళ లింగమ్మను చూపించి తల్లి, "ఈ పిల్లను సూసి నేర్సుకోండే. అడగదు, ఏడవదు. నా బంగారు" అంది. ఆ మాట పిల్లకు అన్నం కంటే రుచిగా తగిలింది. బంగారు అనిపించుకోవాలంటే తినకుండా ఉండాలి కాబోలు అని ఆ చిన్న బుర్ర ఒక లెక్క కట్టేసుకుంది. ఆ లెక్క తప్పని చెప్పినవాళ్ళు లేరు.

పెళ్ళై ఆదోనికి వచ్చాక కూడా అదే వరస. అందరూ తిన్నాక తినడం, కూర అయిపోతే కారం కలుపుకోవడం, అన్నం తగ్గితే చెంబెడు నీళ్ళు తాగడం. భర్త పేరు బజారి, మార్కెట్ యార్డులో పత్తి మూటలు మోసే హమాలీ. చెడ్డవాడు కాదు. పెట్టింది తిని లేస్తాడు, వెనక గిన్నెలో ఏం మిగిలిందో చూడడు, అంతే. చూడాలని అతనికి ఎవరూ నేర్పలేదు. అమ్మ కడుపు చూస్తుంది, ఆలి జేబు చూస్తుంది అంటారు. మరి ఆ అమ్మ కడుపు ఎవరు చూస్తారో సామెత కట్టినవాళ్ళు చెప్పకుండానే పోయారు.

పోయిన ఏడు లింగమ్మకు కొడుకు పుట్టాడు. ఉదయ్ అని పేరు పెట్టారు. ఎనిమిది నెలల దాకా బాగానే ఉన్నాడు. ఆ తర్వాత విరేచనాలు పట్టుకుని పది రోజులు వదల్లేదు. తగ్గాయి గానీ పిల్లవాడు మళ్ళీ కోలుకోలేదు. పదకొండో నెలలో అంగన్‌వాడీ టీచరు వీణ కాటా కొక్కేనికి ఉయ్యాల తగిలించి తూచి, "ఏడు కేజీల రెండు వందలే లింగమ్మా, సాలదు" అంది. పక్కన తూగిన పిల్లలు తొమ్మిది దాటినవాళ్ళు. లింగమ్మ కొడుకును ఎత్తుకుని కొంగు కప్పుకుంది, ఎవరి కళ్ళూ పడకుండా.

అది శ్రావణ మాసం. బస్సులన్నీ ఉరుకుంద ఈరన్న గుడికే. లింగమ్మ కూడా అత్తతో కలిసి పోయింది. ఆ రద్దీలో తోసుకుంటూ అందరూ ఈరన్న అని పిలుచుకునే నరసింహస్వామి ముందుకు చేరి, చంకలో పిల్లవాణ్ని ముందుకు చాచి మొక్కుకుంది. "ఈరన్నసామీ, నా కొడుకు పది కేజీలు తూగితే వాని ఎత్తు బెల్లం ఇచ్చుకుంటా. అంతవరకు నేను ఒక్కపొద్దుంటా. ఇంట్లో నీసు వండను." ఉన్నవాళ్ళు వెండి ఇస్తారు, బంగారం ఇస్తారు. లింగమ్మ దగ్గర ఇవ్వడానికి ఉన్నది ఆకలి. దాన్నే ఇచ్చింది, మనస్ఫూర్తిగా ఇచ్చింది.

బస్సులో తిరిగి వస్తుంటే అత్త హనుమంతమ్మ ఒకే మాట అంది. "మొక్కితే మొక్కితివి. మధ్యలో ఇడిసిపెట్టొద్దు. నేను ఇడిసిపెట్టి అనుభవించినా."

హనుమంతమ్మ గురించి ఒక సంగతి చెప్పాలి. ఆదోనిలో తెల్లారితే వీధివీధికీ ఉగ్గాని బాణలి పొయ్యి మీదికి ఎక్కుతుంది. నానబెట్టిన బొరుగుల్లో పోపూ పప్పుల పొడీ పడితే ఆ వాసనకు పోయేవాడు కూడా నిలబడతాడు. ఈ ఊళ్ళో ఉంటూ ఉగ్గాని ముట్టని మనిషి హనుమంతమ్మ ఒక్కతే. బొరుగుల సంచి కనబడితే మొహం తిప్పుకుంటుంది. "అత్తకు పడవేమో" అనుకుంది లింగమ్మ, కొత్తలో.

పడక కాదు. ముప్పై ఏళ్ళ కిందట హనుమంతమ్మకు ఒక ఆడపిల్ల ఉండేది, బజారికి అక్క. ఏడాదిన్నర పిల్ల చిక్కిపోతుంటే ఈమె కూడా ఒక్కపొద్దు పట్టింది. ఒకనాడు వేరుశనగ చేలో కలుపు తీస్తూ కళ్ళు తిరిగి పడితే, పక్కనున్నవాళ్ళు ఒక గుప్పెడు బొరుగులు నోట్లో పోశారు. ఈమె మింగింది. నాలుగో రోజుకు పిల్ల పోయింది. ఆ కథ విన్న రోజు నుంచి లింగమ్మకు ఒక్కపొద్దు అంటే మొక్కు మాత్రమే కాదు, భయం కూడా.

పొద్దు గూకి దీపం పెట్టేదాకా మెతుకు ముట్టదు. పొద్దున టీ, మధ్యాహ్నం టీ. దసరా నుంచి మిల్లు పని మొదలైంది. అంగన్‌వాడీ వాళ్ళిచ్చే గుడ్లు నీసు కాబట్టి పక్కింటికి పోయేవి. ఇక్కడే అసలు పొరపాటు జరిగింది, ఎవరి కంటికీ ఆనని పొరపాటు. ఆ ఇంట్లో ఉదయ్‌కు వేరే పళ్ళెం లేదు. ఆ వీధిలో ఏ పిల్లలకూ లేదు. తల్లి తినేటప్పుడు ఒళ్ళో కూర్చుని, ఆమె పళ్ళెంలోంచి నాలుగు మెతుకులు నోట్లో పెట్టించుకోవడమే పిల్లల భోజనం. తల్లి రోజుకు మూడు పూటలు తింటే బిడ్డకు మూడు పూటలు. తల్లి ఒక్క పూట తింటే బిడ్డకూ ఒక్కపొద్దే. ఆ ఒక్క పూట కూడా సగం నిద్రలో, కారం తగిలి ఏడుస్తూ. పగలంతా నానమ్మ దగ్గర టీలో ముంచిన బిస్కట్టు, అమ్మ రాగానే పాలు. ఏ దేవుడికీ మొక్కని పద్నాలుగు నెలల పిల్లవాడు మూడు నెలలుగా ఉపవాసం చేస్తున్నాడు.

కాటా మాత్రం చూసింది. ఆశ్వయుజంలో ఏడు కేజీల వంద. కార్తీకం వచ్చేసరికి ఆరు కేజీల తొమ్మిది వందలు. ఇంకొకరైతే ఆగి ఆలోచించేవాళ్ళేమో. లింగమ్మకు తెలిసిన వైద్యం ఒకటే. సామికి చాల్లేదనుకుంది. సోమవారం, గురువారం ఆ రాత్రి ముద్ద కూడా మానేసింది. చెప్పొద్దూ, తలుచుకుంటే కోపమొస్తుంది. ఎవరి మీదో తెలియని కోపం.

కార్తీకంలో ఒక గురువారం మిల్లులో మిషను చెడి పని ఆగింది. లింగమ్మ ఇంట్లోనే ఉంది. పొద్దున్నే వీణ టీచరు చేతిలో కాటా, చీర కొంగులో ఉడికించిన గుడ్డుతో గుమ్మంలోకి వచ్చింది.

"లింగమ్మా, ఈ పొద్దు దాటిపోనీయను. వీని బరువు కార్డులో ఎర్ర గీత కిందికి పోతాంది. ఇంకొక్క వంద తగ్గితే పెద్దాసుపత్రిలో పెట్టల్ల, ఆడ రెండు వారాలు. ఉండగలవా?"

లింగమ్మ చేతులు జోడించింది. "ఆస్పత్రి మాట అనొద్దు టీచరమ్మా. అంతదాకా రానీదు ఈరన్నసామి."

వీణ చాప మీద కూర్చుని గుడ్డు చిదిపి, పచ్చసొన చిన్న ముక్క ఉదయ్ చేతిలో పెట్టింది. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. నోట్లో పెట్టుకోలేదు. పాకుతూ పోయి తల్లి మోకాలు పట్టుకుని లేచి నిలబడి, ఆ ముక్కను ఆమె నోటికి అందించాడు. వాళ్ళమ్మ తింటే వాడూ తింటాడు, రోజూ రాత్రి జరిగేది అదే కదా.

గురువారం. గుడ్డు. లింగమ్మ పెదాలు బిగించి తల అడ్డంగా ఊపింది.

వాడు తల్లి మొహంలోకి కాసేపు చూశాడు. ముక్క కింద పడేశాడు. వీణ ఇంకో ముక్క నోటి దగ్గర పెడితే, వాడూ పెదాలు బిగించాడు. అచ్చం తల్లిలాగే తల అడ్డంగా ఊపాడు.

వీణ చెయ్యి అక్కడే ఆగిపోయింది. "లింగమ్మా, నిజం సెప్పు. నువ్వు పగలు అన్నం తిని ఎన్ని దినాలైంది?"

గుమ్మం పక్కన చింతపండు గింజలు తీస్తున్న హనుమంతమ్మ చెప్పింది, గొప్పగానే చెప్పింది. "శ్రావణం నుంచి ఒక్కపొద్దుంది నా కోడలు. బిడ్డ కోసరం."

"శ్రావణం నుంచా!" వీణ నుదురు కొట్టుకుంది. "నేనూ ఏం తక్కువ గాదు. నెలనెలా వచ్చి బిడ్డకేం పెడతాండావని అడిగినా గానీ, నువ్వేం తింటాండావని ఒక్క దినమన్నా అడగలేదు. సూడు లింగమ్మా, నీ పాలు ఎండిపోవు, నీ ఒళ్ళు ఎముకలు అరగదీసైనా పాలిస్తాది. కానీ ఈ వయసుకు పాలొక్కటే సాలవు. అన్నం తినల్ల. వీడు తినేది నీ పళ్ళెంలోనే గదా? నీ పళ్ళెం లేదంటే వీనికీ పళ్ళెం లేదు. నువ్వు నోరు తెరిస్తేనే వాడు తెరుస్తాడు. ఇప్పుడు సూసినావు గదా?"

చూసింది. కళ్ళారా చూసింది. అడ్డంగా ఊగిన ఆ చిన్న తల ఇంకా కళ్ళ ముందే ఉంది. "మొక్కు ఇడిసిపెడితే సామి ఊరుకుంటాడా టీచరమ్మా?" అంది. "మా ఆడబిడ్డ ఎట్ల పోయిందో నీకు తెల్దు. మా అత్త ఒక గుప్పెడు బొరుగులు తినిందనే..."

"బొరుగులు తింటే బిడ్డలు పోరు లింగమ్మా" అంది వీణ. ఆ మాట ఎవరికి తగులుతుందో చూసుకోకుండా అనేసింది.

హనుమంతమ్మ చేతిలో చింతపండు ఆగింది. "ఏమంటివి?"

వీణ తలెత్తి చూసి, అన్నది గుర్తుకొచ్చి, నాలుక కరుచుకుంది.

"నా బిడ్డా నా పళ్ళెంలోనే తినేది" అంది హనుమంతమ్మ. ఎవరితోనూ అన్నట్టు లేదు. "నేను తినేది రాత్రే. అదీ రాత్రే తినేది. పగలు నా మొగం సూసి సూసి ఊరుకునేది. ఏడ్సేది గూడా కాదు." వీణ వైపు తిరిగింది. "అయితే నేను తిన్నందుకు పోలేదా టీచరమ్మా? తిననందుకు పోయిందా?"

దానికి ఏం చెప్పాలి? అవునంటే ఒక పాపం, కాదంటే ఒక అబద్ధం. "ముప్పై ఏండ్ల నాటి మాట అవ్వా" అంది వీణ మెల్లగా. "ఏం జబ్బు చేసిందో, ఎట్ల పోయిందో నేనెట్ల సెప్పేది? నీకు సెప్పేవాళ్ళు లేకపోయిరి. అంతే."

హనుమంతమ్మ లేచింది. చేతులు చీరకు తుడుచుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పోయింది. లింగమ్మ భయపడి గుమ్మంలోకి వచ్చి చూస్తే, అత్త వీధి చివర ఉగ్గాని బండి దగ్గర నిలబడి ఉంది. ముప్పై ఏళ్ళుగా మొహం తిప్పుకుని దాటిన బండి అది. బండివాడు కూడా వింతగానే చూస్తున్నాడు.

కాగితం పొట్లంతో వచ్చి, పళ్ళెంలో వేసి, పచ్చిమిరపకాయలు ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టింది. మిగిలిన గుడ్డు దాని పక్కనే పెట్టింది. పళ్ళెం కోడలి ముందుకు తోసింది.

"కూసో. తిను."

"అత్తా, గురువారం..."

"నాకు తెల్దా గురువారమని? తిను. పాపమేమన్నా తగిలితే నాకు తగలనీ. నాకు అలవాటే."

లింగమ్మ కూర్చుంది. కొడుకును ఒళ్ళోకి లాక్కుంది. మొదటి ముద్ద నోటి దాకా పోయి ఆగింది, చెవుల్లో ఉరుకుంద గుడి గంటలు మోగినట్టైంది. "సామీ, నీ బెల్లం నీకిస్తా, ఇది మాత్రం నా వల్ల కాదు" అని మనసులో అనుకుని నోట్లో పెట్టుకుంది. మూడు నెలల తర్వాత పగటి వెలుతురులో తిన్న మొదటి ముద్ద. నమిలింది. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, నమలడం మాత్రం ఆపలేదు.

ఉదయ్ ఆమె నోటినే చూస్తున్నాడు. దవడలు కదలడం చూశాడు. ఏడుస్తోందా, తింటోందా అని కాస్త సందేహించాడు. తర్వాత వాడి నోరు తెరుచుకుంది.

గుడ్డు సగం తిన్నాడు. ఉగ్గాని నాలుగు సార్లు తిన్నాడు, ఒకసారి ఉమ్మేశాడు, మళ్ళీ అడిగాడు. వీణ కాటా సంగతి మరిచిపోయి కూర్చుంది. వచ్చే నెల అది ఏం చెబుతుందో ఎవరికీ తెలియదు. ఆస్పత్రి తప్పుతుందో లేదో కూడా తెలియదు. రాత్రికి బజారి వస్తే ఏం చెప్పాలో లింగమ్మకు తెలియదు గానీ, రేపటి నుంచి తన పక్కన వాడికొక చిన్న పళ్ళెం పెట్టాలని, అది తనతో పాటు మూడు పూటలూ నిండాలని మాత్రం అనుకుంది.

కడుపు నిండాక ఉదయ్‌కు ఆట గుర్తొచ్చింది. పళ్ళెంలోంచి ఒక్క బొరుగు ఏరుకుని, తప్పటడుగులు వేస్తూ గోడ పట్టుకుని నానమ్మ దగ్గరికి పోయి ఆమె నోటికి అందించాడు. హనుమంతమ్మ పెదాలు బిగించబోయింది. వాడు తన మొహంలోకే చూస్తున్నాడని గుర్తొచ్చి ఆగింది. ఆ బొరుగును అరచేతిలోకి తీసుకుని, తినలేక, పారేయలేక, చాలాసేపు అట్లే కూర్చుంది.