అర మూర తేడా

నవ్వుకుంటారని తెలిసే చెబుతున్నాను. మూడు రోజుల్లో, ఒక్క స్క్రూడ్రైవరుతో, ముప్పై ఏడున్నర తిప్పుళ్ళలో నా కన్నకూతురి పదకొండు వారాల కష్టాన్ని మట్టిలో కలిపాను. అప్పటికి నాకు అరవై ఏడు. చిన్నవయసు, తెలియలేదు.

మా లత మదనపల్లెలో వ్యాయామం టీచరు. నలభై దాటేదాకా తనకంటూ ఏదీ కోరనిది, ఆ ఏడు కుప్పంలో జరిగే సైకిల్ పందేనికి పేరిచ్చింది. తెల్లవారకముందే లేచి గేర్ల సైకిల్ మీద సాధన చేసేది. పందెం ఆదివారం. అంతకుముందు బుధవారం ఆయుధపూజ.

నేను ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని. ఇంట్లో ఏం జరిగినా నా నోటుబుక్కులోకి ఎక్కాల్సిందే. పూలమ్మే మునెమ్మ దగ్గర మూడు మూరల చామంతి దండ తీసుకుని, సైకిల్‌కు హ్యాండిల్ నుంచి వెనక చక్రం దాకా చుట్టాను. పసుపు, కుంకుమ, గంధం ధారాళంగా పూశాను. చక్రాల కింద నిమ్మకాయలు పెడితే లత దండతోనే సైకిల్‌ను వాటి మీదుగా నడిపింది. మరునాడు దండ విప్పి కొలిస్తే రెండున్నర మూరలే తేలింది! మునెమ్మను వీధిలోనే నిలదీశాను.

"నా మూర తక్కువంటావా టీచరమ్మా? నీ చెయ్యే పొడుగైందేమో సూసుకో!"

"నా చెయ్యి పుట్టినప్పట్నించీ నాకు తెలుసు!"

(తెలియదు. పుట్టినప్పుడు కొలవలేదు. కోపంలో వచ్చింది.)

ఆ పొద్దే సైకిల్‌కు జబ్బు చేసింది. చైను చిన్న పళ్ళచక్రాల మీదికి రాగానే టక్ టక్‌మని జారుతోంది.

"పుంగనూరులో రెడ్డెప్పకు సూపిస్తానమ్మా" అంది లత.

"యాలమ్మీ? వాడు చెవితో విని రిపేరు చేస్తాడు. లెక్కాపత్రం లేని పని. నేనుండానుగా!"

"నీకు సైకిల్ తొక్కేదే రాదు కదమ్మా!"

"తొక్కేది కాళ్ళు. రిపేరు చేసేది బుర్ర."

చైనును ఒక పళ్ళచక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపే వెనకవైపు మరను డిరైలర్ అంటారు. చైను ఇటు చివరా అటు చివరా దాటిపోకుండా దానికి రెండు చిన్న స్క్రూలు కాపలా. ఫోనులో వీడియో పెట్టుకుని పావు తిప్పు తిప్పాను. టక్. ఇంకో పావు. టక్ టక్. గేరు తీగ బిగించాను, వదులు చేశాను, మళ్ళీ బిగించాను. అన్నీ రాసుకున్నాను. కోతి పుండు బ్రహ్మరాక్షసి అంటారు. పాపం, ఆ కోతికి స్క్రూడ్రైవరైనా లేదు.

శనివారం మధ్యాహ్నానికి, నా తిప్పుళ్ళతో పెద్ద పళ్ళచక్రాల మీద కొత్తగా మొదలైన చప్పుడు ఆగింది. పుంగనూరు దాకా సైకిల్ మీద పోయి, అక్కడి జట్టుతో వ్యానులో కుప్పం చేరాలని లత ఏర్పాటు.

"బాగైందా అమ్మా?"

"నూటికి తొంభై ఆరు."

"ఆ నాలుగు?"

"దోవలో సర్దుకుంటాది. పో."

రెండు గంటల తర్వాత ఫోను. "అమ్మా, పుంగనూరు ముందర ఎత్తులో చైను దాటిపోయి స్పోకుల్లో పడింది. డిరైలర్ ఇరిగిపోయింది."

నోటుబుక్కు చంకలో పెట్టుకుని బస్సెక్కాను. రెడ్డెప్ప అంగట్లో లత స్టూలు మీద తల వంచుకుని కూర్చుని ఉంది.

"ఈ స్క్రూలు ఎవురు తిప్పినారు టీచరమ్మా?" అని రెడ్డెప్ప నన్ను అడిగాడు.

"నేనే. ముప్పై ఏడున్నర తిప్పుళ్ళు. రాసి పెట్టినా."

"రాసి పెట్టినారా!" అని అతను నమస్కారం పెట్టాడు. "పెద్ద పళ్ళచక్రం పక్క స్క్రూ కాపలా తీసేసినారు, చైను స్పోకుల్లోకి పోక యాడికి పోతాది? సరే, మొదటి జబ్బేందో సూస్తాం."

సన్నని కొక్కెంతో చిన్న పళ్ళచక్రాల సందులో గీకి లాగాడు. నూనె, గంధం, పసుపు కలిసి గట్టిపడిన ముద్ద. దాన్నుంచి దారం వచ్చింది. ఇంకా వచ్చింది. దారానికి రెండు ఎండిన చామంతులు.

నా చెయ్యి దానంతటదే ముందుకు సాగింది. కొలిచాను. సరిగ్గా అర మూర.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినవాళ్ళు నాకంటే నయం. నేను ఆ పిల్ల పొడవు కూడా రాసుకుని మరీ వెతికాను.

"ఈ డిరైలర్ బెంగళూరు నుంచి రావాల. రేపటికి కాదమ్మా" అన్నాడు రెడ్డెప్ప, లత వైపు చూడకుండా. బయట వ్యాను హారన్ కొట్టింది. లత వెళ్ళి, తాను రావడం లేదని చెప్పి, తిరిగొచ్చి నా పక్కన కూర్చుంది. నా నోటుబుక్కు వైపు చూసి అడిగింది:

"లెక్క సరిపోయిందా అమ్మా?"

ఆ అర మూర దారం సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: బొందిలో ప్రాణముండగా స్క్రూడ్రైవరు ముట్టను, చక్రమున్న దేనికీ దండ వేయను. ఇక మునెమ్మ. మర్నాడే ఆమె గంప ముందు నిలబడి తప్పు ఒప్పుకున్నాను. అప్పట్నుంచి ఆమె నాకు పూలు కొలిచేటప్పుడు వీధంతా వినేలా అరుస్తుంది: "టీచరమ్మా, మూడు మూరలు! సైకిలుకు ఒగ అర మూర ఎక్కువెయ్యనా?"