అనుజ్ఞ వచ్చేదాకా

నానక్‌రామ్‌గూడ ఆఫీసు క్యాంటీన్‌లో పుణ్యవతి రోజూ క్యారేజీ విప్పి, మూత పక్కన పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. పదకొండేళ్లు ఆశ్రమంలో ఉన్న మనిషి. అక్కడ గురువుగారి అనుజ్ఞ ఫోనుకు వచ్చాకే ఎవరైనా ముద్ద ముట్టాలి. బయటికొచ్చి మూడేళ్లయినా, ఒకరు తినమంటే గాని ఆమె చెయ్యి అన్నంలోకి వెళ్లదు. పక్కసీటు జ్యోత్స్నకి ఆ సంగతి తెలుసు. "తిను అక్కా, నీ గురువును నేనే అనుకో. గా బెండకాయ జర నాకు గూడ వెయ్," అంటుంది. పుణ్యవతి నవ్వి అన్నం కలుపుతుంది.

కూతురు రసజ్ఞ మాత్రం ఆశ్రమంలోనే ఉండిపోయింది. వదిలి వెళ్లినవాళ్లతో మాట్లాడకూడదని అక్కడి నియమం. మొన్న బర్త్ సర్టిఫికెట్ అవసరమై, మూడేళ్ల తర్వాత మొదటిసారి తల్లి ఎదుటికి వచ్చింది. పుణ్యవతి కాగితం ఇచ్చి, ఆమెను క్యాంటీన్‌లో కూర్చోబెట్టి, క్యారేజీ ముందుకు జరిపింది.

"తిను నాన్నా. నీకిష్టమని దోసకాయ పప్పు చేశాను."

పిల్ల ఫోన్ చూసుకుంది. "ఇంకా అనుజ్ఞ రాలేదండీ."

కన్నతల్లిని అండీ అంది. చేరిన కొత్తలో, ఆరేళ్ల ఆ పిల్ల ఆకలికి ఆగలేక కంచంలో చెయ్యి పెడితే, ఆ చేతిమీద కొట్టి ఆగడం నేర్పింది పుణ్యవతే. ఇప్పుడు ఆ చేతిని పట్టుకోబోయింది. రసజ్ఞ మెల్లిగా వెనక్కి తీసుకుంది.

అటుగా వెళ్తూ జ్యోత్స్న, "తినుండ్రి అక్కా, సల్లారిపోతది," అంది.

ఈసారి ఆ మాటకి పుణ్యవతి చెయ్యి కూడా అన్నంలోకి వెళ్లలేదు. తల్లీకూతుళ్లు ఇద్దరూ చేతులు ఒళ్లో పెట్టుకుని, ఒకేలా కూర్చుని ఉన్నారు.