ఎండలో చూడని పేజీ

సార్ పోయారన్న ఫోను వచ్చినప్పుడు నేను జహీరాబాద్ బస్టాండు ఎదురుగా ఉన్న మా ఆఫీసులోనే ఉన్నాను. "చాయ్ తాగి కుర్చీలనే ఒరిగిపోయిన్రు బిడ్డా" అంది ఆయన భార్య. ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. వానాకాలం ముంచుకొస్తుండగా పని సగంలో వదిలి వెళ్లడం ఆయన అలవాటు కాదు మరి.

ఆయన మొదట్లో దుకాణాల బోర్డులు రాసేవారు. కుంచె పక్కనపెట్టి కంప్యూటర్ నేర్చుకుని, వెబ్‌సైట్లు చేయడం మొదలుపెట్టారు. నాకు పని నేర్పిందీ ఆయనే. ప్రతి పేజీనీ మధ్యాహ్నం పూట తన పాత ఫోనులో తెరిచి, నెత్తిన తువ్వాలు వేసుకుని రోడ్డు మీద నిలబడి చూసేవారు. "నీడల అన్నీ మంచిగనే కనబడ్తయ్" అనేవారు. బయట ఆయన అలా నిలబడితే నాకు నవ్వొచ్చేది.

రైతు సంఘం వాళ్లు ట్రాక్టర్లు, రోటవేటర్లు కిరాయికి ఇచ్చే సైటు అడిగినప్పుడు మా ఇద్దరికీ చెడింది. ముప్పై ఊళ్లు, ఊరికో పేజీ. పేజీలో నొక్కే ఒక డబ్బాను ఒక్కసారి తయారుచేసి అన్ని పేజీల్లో అదే వాడుకోవడం నేను చదివిన చదువు. కాంపొనెంట్ అంటాం దాన్ని. ఆయన మాత్రం ఒక్కో పేజీ ముందు కూర్చుని రంగు, ఖాళీ, అక్షరం విడివిడిగా చూసుకుంటారు.

"మీ తీరుగ చేస్తే పంట కోతకొస్తది సార్!"

"నువ్వు ముప్పై పేజీలు చేస్తలేవు బిడ్డా. ఒక్కదాన్నే ముప్పై సార్లు అచ్చు గుద్దుతున్నవ్."

ఆ వారమే కంటి ఆపరేషన్‌కు ఆయన దవాఖానలో చేరారు. ఇదే సందని సైటు నా పద్ధతిలోనే చేసి జనంలోకి వదిలేశాను. బండి ఖాళీగా ఉంటే లేత ఆకుపచ్చ డబ్బా, లేకపోతే లేత బూడిద. లోపలి అక్షరాలూ లేతవే. ఆఫీసులో చూస్తే ముద్దొచ్చేలా ఉంది. ఎండలో రెండూ ఒక్కలాగే తెల్లబోయాయి. న్యాల్‌కల్‌లో ఒక అక్క బూడిద డబ్బాను ఆకుపచ్చదనుకుని నొక్కి, ట్రాక్టర్ వస్తుందని రెండు రోజులు గట్టు మీద కూర్చుంది. ఆమె చేనులో తడి, పదును ఆరిపోతోంది.

సంగతి తెలియగానే సార్ ఆపరేషన్ నల్ల కళ్లద్దాలతోనే నాతో బస్సెక్కారు. "నేను నొక్కిన గదా, మరి బండేది?" అని ఆ అక్క అరిచింది. "తప్పు మాదే అమ్మా" అన్నారాయన, నా కంటే ముందు. చిరాగ్‌పల్లి నుంచి ట్రాక్టర్ పిలిపించి, దున్నడం అయ్యేదాకా కదల్లేదు. అయినా సగం చేను సరిగా మొలవలేదు. ఆ సగం నా పుణ్యమే.

తిరుగు బస్సులో తిట్లకు సిద్ధపడి కూర్చున్నాను. "నీ తప్పు ముప్పై ఊర్లకు పోయింది. ఇగ ఒక్క కాడ దిద్దు, ముప్పై ఊర్లల్ల దిద్దుకుంటది. గీ సుఖం నా పద్ధతిల లేదు" అన్నారు. తిట్టినా ఇంత సిగ్గుపడేదాన్ని కాదు. ఆ తర్వాత ఆయన ఒక్క డబ్బాను ఎండలో నిలబడి దిద్దేవారు, నేను దాన్ని అన్ని ఊళ్లకూ పంపేదాన్ని.

ఆయన దినాలు కాగానే ఆఫీసులో వాళ్లు అన్నారు: "రెడీమేడ్ పేజీ పెట్టేద్దాం. ఇగ ఎండల తిరుగుడు ఎందుకు?" నేను ఒప్పుకోలేదు. ఎండలో చూడని పేజీ నా చేతి మీదుగా పోదని చెప్పేశాను. ఆయన లేరని దుఃఖం ఉంది, బోలెడంత. అది పని మానేయడానికి సాకు కాదు.

సార్ సగంలో వదిలిన కొత్త పేజీని పూర్తిచేసి మొన్న న్యాల్‌కల్ వెళ్లాను. అదే అక్క తన ఫోనులో చూసింది. "డబ్బాలు మంచిగ తెలుస్తున్నయ్ చెల్లె. అక్షరాలు జర పెద్దగుండాలె."

గట్టు మీదే ల్యాప్‌టాప్ తెరిచి ఒక్కచోట మార్చాను.

"అన్ని ఊర్లల్ల పెద్దగైనయా?"

"అన్ని ఊర్లల్ల అయినయ్ అక్కా."

"వదినా, నీ ఫోన్ల గూడ చూడు!" అని ఆమె పక్క చేనులోకి కేకేసింది. అక్కడ కలుపు తీస్తున్నామె నడుం పైకెత్తి, మట్టి చేతిని కొంగుకు తుడుచుకుని ఫోను తెరిచింది. నడినెత్తిన ఎండ. తెరకు చేయి అడ్డం పెట్టుకోకుండానే చదవడం మొదలుపెట్టింది.